గోటిపై ఇంద్రధనుస్సు: ఒక హోలోగ్రాఫిక్ రంగు సీసాకు పరీక్ష

గోళ్లకు రంగు వేసికొనుట మనకు క్రొత్త విషయము కాదు. ఆషాఢమాసము వచ్చినంతనే గోరింటాకు నూరి చేతులకు, గోళ్లకు పెట్టుకొనుట తెలుగు ఇండ్లలో నేటికిని ఉన్న ఆచారము. గోరింటాకులో లాసోన్ అను పదార్థము కలదు. అది గోటిలోని కెరటిన్ అను ప్రోటీనుతో కలిసి గోటిని ఎర్రబరచును. ఆ రంగు గోటిలోనికి ఇంకిపోవును గనుక గోరు పెరిగి, కత్తిరింపబడినగాని పూర్తిగా పోదు. సీసాలలో అమ్ముడగు నెయిల్ పాలిష్ సంగతి వేరు. అది గోటిలో ఇంకదు. గోటిపై పలుచని పొరగా ఆరును. అందులోని రంగుపొడి తెల్లని కాంతిలో కొంత భాగమును మ్రింగి, మిగిలినదానిని వెనుకకు పంపును. ఎర్రని పాలిష్ ఆకుపచ్చను, నీలమును మ్రింగి ఎరుపును విడిచిపెట్టును. కాబట్టియే మనకు అది ఎర్రగా కనబడును.

ఈ రెండు జాతులకును చెందని మూడవ జాతి రంగు ఒకటి కలదు. నీడలో చూచినచో అది వెండివలె బూడిదవన్నెలో, ఏ విశేషమును లేక ఉండును. ఎండలోనికి తెచ్చిన తోడనే ఊదా మొదలు ఎరుపు వరకు గల రంగులన్నియు గోటిమీద వరుసగా నిలుచును. వ్రేలు కదలించినచో ఆ రంగులును కదలును. దీనిని హోలోగ్రాఫిక్ నెయిల్ పాలిష్ అందురు. పెద్ద కంపెనీలే గాక, స్వతంత్రముగా చిన్నయెత్తున తయారుచేయువారు పెక్కురు దీనివలననే పేరు పొందిరి. కెనడాలో క్రిస్టీన్ రోటెన్‌బర్గ్ 2019లో ప్రారంభించిన ‘హోలో టాకో’ ఇందుకొక ఉదాహరణము. ఆ సంస్థ పేరులోనే ‘హోలో’ అను మాట ఉన్నది.

ఇట్టి చిన్న తయారీదారు సీసా యొకటి మన చేతికి వచ్చినదనుకొందము. ‘మా ఇంద్రధనుస్సు మిగిలినవారి దానికంటె విశాలము, ప్రకాశవంతము’ అని అమ్మువారు చెప్పుదురు. దానిని ఎట్లు పరీక్షింపవలెను? కంటికి ఇంపుగా ఉన్నదనుట ఒక అభిప్రాయమే కాని పరీక్ష కాదు. మనము మూడు ప్రశ్నలు వేసికొందము. ఈ రంగులు ఎక్కడినుండి వచ్చుచున్నవి? హోలోగ్రాము అను పేరు దీనికి తగునా? ఆ సీసాలోని గుణములలో తయారీదారు నేర్పు ఎంత, పొడిని చేసిన కర్మాగారపు పని ఎంత? మూడవ ప్రశ్న కష్టమైనదిగా తోచును. కాని దానికి సమాధానము చెప్పుటకు ఫ్యూజు పోయిన బల్బు, చిన్న టార్చిలైటు, స్కేలు చాలును.

సీసాలో ఏమున్నది?

సాధారణమైన నెయిల్ పాలిష్‌లో ప్రధానమైన పదార్థము నైట్రోసెల్యులోజు. ప్రత్తిలోని సెల్యులోజును నత్రికామ్లముతో చర్య జరిపించినచో ఇది లభించును. స్విట్జర్లండుకు చెందిన బాసెల్ నగరమున షోన్‌బైన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1846లో దీని ప్రేలుడు గుణమును వెల్లడించెను. తుపాకిమందుగా పేరుపొందిన ఈ పదార్థమే, తక్కువ నత్రీకరణము పొందిన రూపమున, 1920 తర్వాత మోటారుకార్లకు వేయు లాకరు రంగులలో ప్రవేశించెను. 1932లో అమెరికాలో రెవ్లాన్ సంస్థ రంగుపొడులు కలిపిన చిక్కని నెయిల్ ఎనామెలుతో వ్యాపారము మొదలుపెట్టెను. కారుమీది నిగనిగయు, గోటిమీది నిగనిగయు ఒక్క వంశమునకు చెందినవే.

నైట్రోసెల్యులోజును కరగించుటకు ఈథైల్ ఎసిటేటు, బ్యూటైల్ ఎసిటేటు అను ద్రావణులను వాడుదురు. సీసాలోని ద్రవమున అధికభాగము ఇవియే. పాలిష్ వేసినప్పుడు వచ్చు పండువంటి వాసన వీనిదే. ఇవి ఆవిరియైపోగా పొర మిగులును. పొర పెళుసుబారకుండుటకు ప్లాస్టిసైజరు అను మెత్తబరచు పదార్థమును, గోటిని పట్టియుండుటకు ఒక రెసినును కలుపుదురు. ఇవిగాక ఒక జాతి బంకమన్నును కూడ కలుపుదురు. దీని వలన ద్రవమునకు చిత్రమైన గుణము కలుగును: కదలించినప్పుడు పలుచబడును, నిలకడగా ఉంచినప్పుడు చిక్కబడును. దీనినే థిక్సోట్రోపి అందురు. ఈ గుణము లేనిచో బరువైన రంగుపొడి కొద్ది దినములలో సీసా అడుగునకు దిగిపోవును.

చిన్న తయారీదారులలో పలువురు ఈ ద్రవమును తాము తయారుచేయరు. నైట్రోసెల్యులోజు సులభముగా మండునది గనుక, దానితో పని ప్రమాదకరము. కర్మాగారములలో సిద్ధమైన ద్రవమును కొని, అందు తమకు వలసిన పొడులను కలుపుదురు. ఆ మెరుపుపొడి కూడ కొన్నదే. ఏ పొడిని ఎన్నుకొనవలెను, ఎంత కలుపవలెను, ఏ రంగుతో జతపరుపవలెను అనునదే వారి విద్య. ఈ సంగతిని మనస్సున ఉంచుకొని ఆ పొడి యెద్దకు పోదము.

చాళ్లు వేసిన అల్యూమినియము

పొడిని సూక్ష్మదర్శిని క్రింద చూచినచో చిన్న చిన్న లోహపు రేకులు కనబడును. పేరెన్నికగన్న ‘స్పెక్ట్రాఫ్లెయిర్’ అను పొడి అమెరికాలో కాలిఫోర్నియాలోని శాంటా రోజా నగరమున ఫ్లెక్స్ ప్రొడక్ట్స్ అను సంస్థ నుండి వచ్చినది. అందు ఒక్కొక్క రేకు మూడు పొరలు గలది. నడుమ అల్యూమినియము, దానికి ఇరువైపుల మెగ్నీషియము ఫ్లోరైడు అను పారదర్శక పదార్థము. ఒక ప్లాస్టిక్ చుట్టపై మొదట సన్నని సమాంతరమైన చాళ్లను అచ్చువేయుదురు. శూన్యములో ఆ చుట్టపై పై మూడు పొరలను ఒకదాని వెంట నొకటి పేర్తురు. పొరలన్నియు చాళ్ల ఆకారమునే పొందును. తరువాత పొరలను చుట్టనుండి ఊడదీసి పొడిచేయుదురు. కావున ప్రతి రేకునందును, నాగలితో దున్నిన పొలమునందువలె, సమాంతరమైన చాళ్లు నిలిచియుండును.

ఈ చాళ్లు ఎంత దగ్గరగా ఉండును? లెక్కకు అనుకూలముగా మిల్లీమీటరునకు 1000 చాళ్లు గలవనుకొందము. అప్పుడు చాళ్ల మధ్య దూరము 1000 నానోమీటర్లు. కంటికి కనబడు కాంతి తరంగదైర్ఘ్యము ఊదారంగునకు సుమారు 400, ఎరుపునకు సుమారు 700 నానోమీటర్లు. అనగా చాళ్ల మధ్య దూరము కాంతి తరంగముల కొలతకు దగ్గరగా ఉన్నది. ఈ సామీప్యములోనే రహస్యమంతయు ఉన్నది.

కాంతి ఒక రేకుపై నిట్టనిలువుగా పడినప్పుడు ప్రతి చాలునుండియు తరంగములు అన్ని వైపులకు బయలుదేరును. ఏటవాలుగా ఒక దిక్కున పోవు తరంగములను గమనింపుడు. ఒక చాలునుండి వచ్చు తరంగము ప్రక్క చాలునుండి వచ్చు తరంగముకంటె కొంత అధికదూరము నడువవలెను. ఆ అధికదూరము సరిగా ఒక తరంగదైర్ఘ్యమునకు సమమైనచో శృంగముపై శృంగము, ద్రోణిపై ద్రోణి పడి తరంగములు బలపడును. లేనిచో ఒకదానినొకటి నశింపజేసికొనును. కాబట్టి ప్రతి రంగునకును తనదైన దిక్కు ఒకటి ఏర్పడును. ఆ నియమమును ఇట్లు వ్రాయవచ్చును:

చాళ్ల మధ్య దూరము × కోణపు సైను = తరంగదైర్ఘ్యము.

పైన చెప్పిన రేకునకు లెక్కకట్టినచో 400 నానోమీటర్ల ఊదారంగు 24 డిగ్రీల యెద్ద, 550 నానోమీటర్ల ఆకుపచ్చ 33 డిగ్రీల యెద్ద, 700 నానోమీటర్ల ఎరుపు 44 డిగ్రీల యెద్ద బయలుదేరును. తెల్లని కాంతి విసనకఱ్ఱవలె విప్పుకొన్నది. దీనికే వివర్తనమని పేరు. చాళ్లుగల ఇట్టి తలమును వివర్తన జాలకము అందురు. గాజు పట్టకముతో దీనికిగల భేదమును విద్యార్థులు గుర్తింపవలెను. పట్టకములో ఊదారంగు అధికముగా వంగును, ఎరుపు తక్కువగా వంగును. జాలకములో ఎరుపే ఎక్కువ దూరము తొలగును. సీసాలోని రంగుల మూలమును పట్టించు మొదటి గుర్తు ఇదియే.

చాళ్లు లోహముననే ఏల ఉండవలెను? వట్టి పారదర్శక ప్లాస్టిక్‌లో చాళ్లు వేసి, దానిని ఇంచుమించు అదే వక్రీభవన గుణకముగల పాలిష్‌లో ముంచినచో పాలిష్ చాళ్లను నింపివేయును. అప్పుడు కాంతికి చాలునకును, చుట్టునున్న ద్రవమునకును భేదము తెలియదు, రంగులు మాయమగును. అల్యూమినియము అద్దమువలె కాంతిని త్రిప్పికొట్టును గనుక పాలిష్‌లో మునిగినను చాళ్ల ప్రభావము నిలుచును.

పట్టురుమాలు, బొత్తాము, హోలోగ్రాము

చాళ్లతో రంగులు పుట్టించుట పురాతనమైన విద్య. 1785లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఫ్రాన్సిస్ హాప్‌కిన్సన్ అనునతడు పట్టురుమాలు గుండ వీధిదీపమును చూచి, అందలి వింతగీతలకు కారణమేమని డేవిడ్ రిటెన్‌హౌస్ అను శాస్త్రజ్ఞుని అడిగెను. రిటెన్‌హౌస్ సుమారు 50 వెంట్రుకలను సమాంతరముగా బిగించి ఒక జాలకమును చేసి, అందుండి రంగులు విడివడుట చూచెను. 1821లో జర్మనీలో ఫ్రాన్‌హోఫరు సన్నని తీగలతో జాలకములు చేసి కాంతి తరంగదైర్ఘ్యములను కొలిచెను.

మన సీసాకు నిజమైన పూర్వీకుడు మాత్రము ఇంగ్లండు నాణెముల ముద్రణశాలలో పనిచేసిన జాన్ బార్టన్. అతడు వజ్రపు మొనతో ఉక్కు అచ్చులపై అంగుళమునకు వేలకొలది గీతలు గీచి, వానితో లోహపు బొత్తాములు అచ్చొత్తించెను. 1822లో ఈ విధానమునకు పేటెంటు పొందెను. దీపకాంతిలో ఆ బొత్తాములు ఇంద్రధనుస్సు రంగులతో మెరసెడివి. అలంకారమునకై జాలకమును వాడుట అప్పుడే మొదలైనదన్నమాట.

ఇక హోలోగ్రాము. 1947లో ఇంగ్లండులో డెనిస్ గాబరు అను హంగేరీ దేశపు శాస్త్రజ్ఞుడు వస్తువునుండి వచ్చు తరంగముల బలమునే గాక, వాని దశను కూడ ఫలకముపై నమోదుచేయు ఉపాయము కనుగొనెను. గ్రీకు భాషలో ‘హోలోస్’ అనగా సంపూర్ణము. వస్తువు యొక్క సంపూర్ణ సమాచారము ఫలకముపై నిలుచును గనుక హోలోగ్రాము అను పేరు వచ్చినది. ఇందుకు గాబరునకు 1971లో నోబెల్ బహుమానము లభించెను. 1960లో లేసరు వెలువడిన తరువాత లీత్, ఉపత్నీక్స్ అనువారు అమెరికాలోను, డెనిస్యుక్ అనునతడు సోవియట్ దేశములోను ఈ విద్యను వృద్ధిచేసిరి. 1968లో స్టీఫెన్ బెంటన్ సామాన్యమైన తెల్లని కాంతిలోనే కనబడు ‘ఇంద్రధనుస్సు హోలోగ్రాము’ను సృష్టించెను. దీనిని లోహపు రేకుపై అచ్చొత్తుట సాధ్యమైన తరువాత 1983లో మాస్టర్‌కార్డు బ్యాంకు కార్డులపైకి వచ్చెను. అప్పటినుండి రంగులు మారుచు మెరయు ప్రతి రేకును జనులు హోలోగ్రామనుచున్నారు.

గోటిపై ఏ వస్తువు యొక్క బొమ్మయు నమోదు కాలేదు. దాని లోతును తెలుపు సమాచారమును లేదు. ఉన్నవి సమాంతరమైన వట్టి చాళ్లు మాత్రమే. కాబట్టి శాస్త్రదృష్టితో ఇది హోలోగ్రాము కాదు. పొడిచేయబడిన వివర్తన జాలకము. పేరు వాడుకచే స్థిరపడినది. దానిని మార్చుట మన పని కాదు. కాని తరగతిలో ఆ మాట వినబడినప్పుడు ఉపాధ్యాయుడు ఈ భేదమును చెప్పుట మంచిది.

మొదటి పరీక్ష: వెలుగును మార్చి చూచుట

ఒక గాజు పలకపై పాలిష్‌ను పలుచగా పూసి ఆరనిండు. దానిని మొదట ఎండలోను, తరువాత మబ్బు పట్టిన ఆకాశము క్రిందను చూడుడు. ఎండలో రంగులు మెరయును. మబ్బు క్రింద వెండివన్నె మిగులును. కారణము చెప్పుట సులభము. సూర్యుడు మనకు ఇంచుమించు ఒక బిందువువలె కనబడును గనుక అతని కాంతి అంతయు ఒకే దిక్కునుండి వచ్చును. ప్రతి రంగును తన తావున విడిగా నిలుచును. మబ్బు పట్టిన ఆకాశము అన్ని దిక్కులనుండి కాంతిని పంపును. ప్రతి దిక్కునుండి వచ్చిన కాంతియు తన వర్ణపటమును వేరువేరు తావుల ఏర్పరచును. ఇవన్నియు ఒకదానిపైనొకటి పడి మరల తెలుపే అగును.

అదే పలక ప్రక్కన ఒక నెమలి ఈకను ఉంచుడు. మబ్బు క్రిందను నెమలికన్ను తన నీలమును, ఆకుపచ్చను చూపుచునే ఉండును. నెమలి ఈకలోని సూక్ష్మనిర్మాణమునందు పొరపొరలుగా పరావర్తనమైన తరంగములు వ్యతికరణము చెంది ఆ రంగులను కలిగించును. సబ్బుబుడగ రంగులును పలుచని పొర యొక్క వ్యతికరణము వలన పుట్టినవే. బజారులో రెండు రంగుల మధ్య మారు పాలిష్‌లు కూడ కలవు. వానిలో అధికభాగము ఈ పొరల జాతికి చెందినవి. నీడలోను వాని రంగు పోదు. కాబట్టి ఎండలో మెరసి నీడలో చచ్చునది జాలకపు జాతి, నీడలోను బ్రతుకునది పొరల జాతి అని గుర్తుపెట్టుకొనవచ్చును.

అమ్మువాడు చూపు చిత్రములు ఒక చిన్న ప్రకాశవంతమైన దీపము క్రింద తీసినవి కావచ్చును. గోటికి వేసికొన్నవారు ట్యూబులైటు గదిలో కూర్చుండి ‘ఇది మోసము’ అనుకొనవచ్చును. తప్పు సీసాది కాదు, వెలుగుది.

రెండవ పరీక్ష: బల్బుపై వలయములు

ఫ్యూజు పోయిన, గుండ్రని తల గల పాత బల్బును ఒకదానిని తెచ్చి, తల భాగమునకు నల్లని పాలిష్‌ను, దానిపై మన పాలిష్‌ను పూయుడు. నలుపు అవసరము: రేకుల సందులలో కనబడు అడుగుభాగము కాంతిని వెదజల్లి రంగులను పలుచబరచకుండ అది కాపాడును. బాగుగా ఆరిన తరువాత గదిని చీకటిచేసి, చిన్న టార్చిలైటును మీ కంటి ప్రక్కనే పట్టుకొని ఒక మీటరు దూరమునుండి బల్బును చూడుడు.

నడుమ తెల్లని మెరుపుచుక్క కనబడును. అది మామూలు పరావర్తనము. దాని చుట్టును వలయాకారముగా మొదట ఊదా, తరువాత నీలము, ఆకుపచ్చ, పసుపు, చివర ఎరుపు కనబడును. లోపల ఊదా, వెలుపల ఎరుపు! ఇది పైన చెప్పిన జాలకపు గుర్తు. ఎరుపు దాటిన పిదప మరల మసకగా రంగులు కనబడినచో అది రెండవ తరగతి వర్ణపటము. అక్కడ ప్రక్కప్రక్క చాళ్ల తరంగముల మధ్య అధికదూరము రెండు తరంగదైర్ఘ్యములు.

వలయములే ఏల? రేకులు పొరలో బల్లపరుపుగా పరుండినను, వాని చాళ్లు అన్ని దిక్కులకు తిరిగియుండును. మెరుపుచుక్కకు ఏ ప్రక్కన చూచినను, కాంతిని మన కంటికి పంపుటకు తగినట్లు తిరిగిన రేకులు కొన్ని అక్కడ దొరకును. అందువలన రంగు గుండ్రముగా నిండును. అదే పరీక్షను ఒక గాజు పరీక్షనాళికపై చేసి చూడుడు. నాళిక ఒక ప్రక్కకే వంపు గలది గనుక వలయములకు మారుగా దాని పొడవున నిలువు పట్టీలు ఏర్పడును. గోరును అట్టి వంపు గలదే. కావుననే గోటిపై రంగులు గీతలవలె వ్రేలి పొడవున సాగును. వ్యాపారులు దీనిని ‘లీనియర్’ అనుటకు హేతువు ఇదియే. ఒక్కొక్క రేకు కంటికి విడిగా కనబడునంత పెద్దదైనచో పట్టీలకు మారుగా విడివిడి మెరుపులు కనబడును. అట్టిదానిని ‘స్కాటర్డ్’ అందురు.

ఇప్పుడు కొలత. టార్చి కంటి ప్రక్కనే ఉన్నప్పుడు కాంతి వచ్చుటలోను, పోవుటలోను వాలు గలదు. కాబట్టి అధికదూరము రెట్టింపగును. గోళాకారమునకు లెక్కకట్టినచో ఫలితము మిక్కిలి సరళముగా వచ్చును:

చాళ్ల మధ్య దూరము = (బల్బు వ్యాసము × తరంగదైర్ఘ్యము) ÷ (2 × వలయపు వ్యాసము).

ఉదాహరణమునకు బల్బు తల వ్యాసము 60 మిల్లీమీటర్లు, ఆకుపచ్చ వలయపు వ్యాసము 16.5 మిల్లీమీటర్లు అనుకొందము. ఆకుపచ్చ తరంగదైర్ఘ్యము 550 నానోమీటర్లు. 60ని 550చే గుణించి 33చే భాగించినచో 1000 నానోమీటర్లు వచ్చును. సూక్ష్మదర్శిని లేకుండ, మామూలు స్కేలుతో మిల్లీమీటరులో వెయ్యవ వంతును కొలిచితిమి! పాలిష్ పొరలో కాంతి వక్రీభవనము చెందదా అని చురుకైన విద్యార్థి అడుగును. చెందును. కాని పొరలో తరంగదైర్ఘ్యమును, కోణపు సైనును ఒకే నిష్పత్తిలో తగ్గును గనుక, రేకులు పొరకు సమాంతరముగా ఉన్నంతవరకు, ఆ రెండును సరిపోవును.

ఈ పద్ధతి నమ్మదగినదేనా అని చూచుటకు తెలిసిన జాలకము నొకదానిని కొలుచుట మంచిది. పాత సీడీ ఇందుకు పనికివచ్చును. దాని చాళ్ల మధ్య దూరము 1600 నానోమీటర్లు. సీడీ చదునైనది గనుక వలయమునకు మారుగా కోణమును కొలువవలెను. దాని అంచు దగ్గరి భాగమునకు ఎదురుగా కంటిని, దాని ప్రక్కన టార్చిని నిలిపి, సీడీ మధ్యబిందువు మీవైపునకు గాని, మీనుండి దూరముగా గాని పోవునట్లు మెల్లగా వంచుడు. ఇంచుమించు 10 డిగ్రీల వాలునకు ఆకుపచ్చ కనబడవలెను.

ఎవరి పని ఎంత?

ఇప్పుడు మూడవ ప్రశ్నకు వచ్చితిమి. వలయపు వ్యాసము చాళ్ల మధ్య దూరముపై మాత్రమే ఆధారపడును. చాళ్లు వేసినది పొడి కర్మాగారము. కావున ఒకే జాతి పొడిని వాడిన ఇద్దరు తయారీదారుల సీసాలలో, ధర ఎంత వేరైనను, వలయపు వ్యాసము ఒకటియే కావలెను. ‘మా ఇంద్రధనుస్సు విశాలము’ అను మాటను స్కేలుతో తేల్చివేయవచ్చును. విశాలమైనచో అది దగ్గర దగ్గర చాళ్లుగల పొడి గుణము. కలిపినవారి నేర్పు కాదు.

మఱి నేర్పు ఎక్కడ కనబడును? వలయముల స్పష్టతలో. లెక్కప్రకారము 550 నానోమీటర్ల ఆకుపచ్చ 16 డిగ్రీల వాలున, 650 నానోమీటర్ల ఎరుపు 19 డిగ్రీల వాలున కనబడవలెను. భేదము 3 డిగ్రీలు మాత్రమే. రేకులు పొరలో అంతకంటె ఎక్కువగా అటునిటు ఒరిగినచో ఆకుపచ్చ పోయి ఎరుపులో కలియును, వలయములు అలుకుకొనిపోవును. రేకులను పరుండబెట్టునది ఆరుచున్న పొరయే. ద్రావణి ఆవిరియగుకొలది పొర మందము తగ్గి, నిలిచియున్న రేకులను క్రిందికి అదుమును. పొడి మితిమీరినచో రేకులు ఒకదానిపై నొకటి పేరుకొని వంకరగా నిలుచును. పొడి చాలనిచో వలయములు స్పష్టముగా ఉన్నను కాంతిహీనమగును. ద్రవము మరీ చిక్కనైనచో రేకులకు సర్దుకొనుటకు వ్యవధి ఉండదు. ఈ మూటిని తూచి కలుపుటయే మంచి తయారీదారు పని. పెద్ద యంత్రశాల లేకున్నను, ఓపికతో పలుమారులు కలిపిచూచిన చిన్న తయారీదారు ఇందులో పెద్దకంపెనీకి తీసిపోనక్కరలేదు.

పైపూత వేసినప్పుడు మెరుపు తగ్గుట కూడ దీనివలన తెలియును. పైపూతలోని ద్రావణి క్రింది పొరను మరల మెత్తబరచి, పరుండిన రేకులను కదలించును. క్రింది పొర బాగుగా ఆరిన తరువాత, కుంచెను నొక్కక తేలికగా పూసినచో నష్టము తక్కువ. పైపూతకు ముందును, తరువాతను వలయములను పోల్చిచూచుట విద్యార్థులకు మంచి అభ్యాసము.

జాగ్రత్తలు

ఈథైల్ ఎసిటేటు ఆవిరి సున్నకు దిగువ 4 సెంటిగ్రేడు డిగ్రీల ఉష్ణోగ్రత నుండియే నిప్పు అంటుకొనగలదు. కావున ప్రయోగశాలలో పాలిష్ పూయునప్పుడు స్పిరిటుదీపము, అగ్గిపుల్ల దగ్గర ఉండరాదు, కిటికీలు తెరచియుండవలెను. పాలిష్ కొన్ని ప్లాస్టిక్‌లను కరగించును గనుక టేబుల్‌టెన్నిస్ బంతిపై ఈ పరీక్ష చేయరాదు. బల్బు పగులకుండ గుడ్డ పరచి పనిచేయవలెను. లేసరు కిరణమును ఈ పొరపై వేయరాదు. అది ఎటు తిరిగి కంటిలో పడునో చెప్పలేము. ఎండలో చూచునప్పుడు సూర్యునివైపు చూడరాదు.

మన దేశమున అమ్మకమునకై సౌందర్యసాధనములు తయారుచేయుటకు 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారము లైసెన్సు కావలెను. తయారీదారు చిన్నవాడైనను ఇది వర్తించును. సీసాపై లైసెన్సు సంఖ్యయు, పదార్థముల పట్టికయు ఉన్నవో లేదో చూచి కొనుట మంచి అలవాటు. మరొక సంగతి: ఆసుపత్రిలో రక్తములోని ఆక్సిజనును కొలుచు పల్స్ ఆక్సీమీటరు గోటిగుండ కాంతిని పంపును. గోటిపై పాలిష్ ఉన్నచో కొలత తప్పవచ్చును. అందుచేత కొలతకు ముందు దానిని తుడిచివేయవలెను.

తలక్రిందు చేసినచో

బల్బుపై మనము తరంగదైర్ఘ్యమును తెలిసినదిగా గ్రహించి చాళ్ల మధ్య దూరమును కనుగొంటిమి. లెక్కను తలక్రిందు చేసినచో, చాళ్ల మధ్య దూరము తెలిసిన జాలకముతో తెలియని కాంతి తరంగదైర్ఘ్యమును కనుగొనవచ్చును. నక్షత్రములలోని మూలకములను గుర్తించు విధానమిదియే. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణ సమయమున జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మన గుంటూరునందు సూర్యుని అంచున లేచు జ్వాలల కాంతిని విడదీసి చూచెను. ఆనాటి పరిశీలనలు హీలియము కథకు నాంది అయినవి. అతడు వాడినది పట్టకము. తరువాత 1882 మొదలుకొని అమెరికాలో రోలండు గీచిన శ్రేష్ఠమైన జాలకములు ఆ పనిని మరింత సూక్ష్మముగా చేయసాగినవి.

ఆ పెద్ద జాలకములకును, గోటిపై పరుండిన రేకులకును నియమము ఒక్కటే. గ్రామములోని ఉన్నత పాఠశాలకు ఖరీదైన జాలకము రాకపోవచ్చును. కాని ఒక సీసా, ఒక పనికిరాని బల్బు రావచ్చును. ఇంటిలో అక్క గోళ్లపై మెరయు రంగును చూచి ‘ఎంత బాగున్నది’ అనుట సహజము. తరువాత స్కేలు తీసికొని ‘ఎంత వ్యాసము ఉన్నది?’ అని అడిగిన విద్యార్థి భౌతికశాస్త్రమున ప్రవేశించినట్లే.